వద్దన్న మాటే చెల్లాలి

వానాకాలంలో ఆదివారం ఉదయం సికింద్రాబాద్ వైపు ఒడ్డున నిలబడితే, పడమటి గాలి హుస్సేన్‌సాగర్‌ను తాకిన చోటల్లా సన్నటి అలలు లేచి, ఆ మేర నీరు నల్లబడడం కనిపిస్తుంది. ఆ నల్లటి మరక మన వైపు కదిలి వస్తున్నదంటే దాని వెంట గాలి వస్తున్నదని అర్థం. 2010 వానాకాలంలో మావారూ నేనూ నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. అప్పటికి మా పెళ్లయి 21 సంవత్సరాలయింది. అమ్మాయి చదువుకోసం హాస్టల్లో చేరిపోవడంతో ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి, ఆదివారాలు ఎలా గడపాలో తెలియక, ఇద్దరు కూర్చునే చిన్న తెరచాప పడవలో శిక్షణకు చేరాము. చుట్టూ ఉన్న భవనాల సందుల్లోంచి వచ్చే గాలి ఈ చెరువు మీద నిమిషానికోసారి దిక్కు మార్చుకుంటుంది. అందువల్ల ఇక్కడ నేర్చుకున్నవారికి గాలిని నమ్మకుండా, కనిపెట్టి ఉండడం తొందరగా అలవడుతుంది.

మరుసటి ఏడాది ఆయనకు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి, నార్‌ఫోక్ నగరానికి బదిలీ అయింది. అక్కడ మూడేళ్లు ఉన్నాక, 1980లలో తయారైన 30 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొని, దీర్ఘకాల సెలవు పెట్టి, 2014 అక్టోబరు నడుమ దక్షిణానికి బయలుదేరాము. పడవ పేరు మైనా. మయామి చేరేసరికి 2015 జనవరి అయింది. ఆ మూడు నెలల గురించి అడిగిన ప్రతివారికీ సముద్రం గురించి, డాల్ఫిన్ల గురించి చెప్పాను గాని, ఆ ప్రయాణం మా ఇద్దరి మధ్య ఏం మార్చిందో ఇంతవరకు ఎక్కడా రాయలేదు. అది రాయడానికే ఈరోజు కూర్చున్నాను.

ముందు ఆ దారి గురించి కొంత చెప్పాలి. అమెరికా తూర్పు తీరం వెంబడి, సముద్రానికీ నేలకూ మధ్య, నదులనూ ఉప్పునీటి కయ్యలనూ తవ్విన కాలువలతో కలుపుతూ ఏర్పరచిన జలమార్గం ఒకటి ఉంది. దాని సున్నా మైలు నార్‌ఫోక్ దగ్గర ఎలిజబెత్ నదిలో మొదలవుతుంది. అక్కడి నుంచి మయామికి సుమారు 1,090 మైళ్లు. బయట సముద్రం పోటెత్తుతూ ఉన్నా, ఇసుక దిబ్బల వెనుక ఈ నీటి మీద చిన్న పడవలు భద్రంగా సాగిపోవచ్చు. మావారికి ఇది కొత్త సంగతి కాదు. వారిది పెదగంజాం దగ్గర పల్లె. కొమ్మమూరు కాలువ వచ్చి బకింగ్‌హాం కాలువను కలిసేది అక్కడే. 1876–78 నాటి కరువులో ఆకలిగొన్నవారికి కూలి పని కల్పించడానికి కొంత మేర తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన ఆ కాలువలో, గాలి ఉంటే చాప ఎత్తి, గాలి పడిపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగి, మద్రాసు దాకా పడవలు తీసుకుపోయేవారని ఆయన తాతగారు చెప్పగా విన్నారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దగ్గరి దాకా కాలువలన్నీ కలిసిన దారి మనకూ ఉండేది, మేటలు వేసి పూడిపోయింది. నార్‌ఫోక్‌లో ఆ జలమార్గం పటం మొదటిసారి చూసినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఒకే మాట అన్నారు: "ఇది మా కాలువే."

నార్‌ఫోక్ దాటగానే రెండు దారులు చీలుతాయి. మేము గ్రేట్ డిస్మల్ స్వాంప్ అనే పెద్ద చిత్తడి అడవి గుండా పోయే పాత కాలువను ఎంచుకున్నాము. బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్ల చేత తవ్వించి, 1805లో తెరిచిన కాలువ అది. అడవిలోకి పారిపోయి, ఎవరికీ చిక్కకుండా తరతరాలు బతికిన బానిసలు కూడా ఆ చిత్తడిలోనే తలదాచుకున్నారు. రెండు చివరలా లాకులున్నాయి. తలుపులు మూసుకుని, నీరు నిండి, పడవ ఎనిమిది అడుగులు పైకి లేస్తూ ఉంటే, ధవళేశ్వరం లాకుల దగ్గర చిన్నప్పుడు చూసిన దృశ్యం నా కళ్లలో మెదిలింది. చెట్ల నుంచి ఊరిన రసం వల్ల నీరు డికాక్షను రంగులో ఉంటుంది, అయినా అందులో ఆకాశం అద్దంలో కనిపించినట్లే కనిపిస్తుంది. ఇంజను మెల్లగా పెట్టుకుని, రెండు పక్కలా కొమ్మలు కమ్ముకున్న ఆ సన్నటి దారిలో పోతూ ఉంటే, ఇద్దరికీ గొంతు పెంచి మాట్లాడాలని అనిపించలేదు.

మాట గురించే నేను చెప్పదలచుకున్నది. మా ఇంట్లో నేను ఆయనను మీరు అంటాను, ఏవండీ అని పిలుస్తాను, ఆయన నన్ను నువ్వు అంటారు. అందులో నాకు ఏ లోటూ లేదు, మా అమ్మ నాన్నను పిలిచిన తీరు అదే. అయితే 25 సంవత్సరాల కాపురంలో నేను ఆయనకు "ఆపండి" అని గట్టిగా చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు. ఏదైనా వద్దనుకుంటే, "ఒకసారి ఆలోచిస్తే బాగుంటుందేమో" అని మొదలుపెట్టి, చుట్టూ తిరిగి చెప్పేదాన్ని. ఇంట్లో అందుకు వ్యవధి ఉంటుంది. పడవలో ఉండదు. ప్రవాహం పడవను వంతెన స్తంభం మీదికి తోస్తున్నప్పుడు ఆ వాక్యం పూర్తయ్యేలోపు పడవ స్తంభానికి తగులుతుంది.

మొదటి వారంలోనే లంగరు దగ్గర ఇది తెలిసివచ్చింది. లంగరు వేసేటప్పుడు ఒకరు ముక్కు దగ్గర, ఒకరు వెనుక చుక్కాని దగ్గర ఉండాలి. మధ్యలో ఇంజను మోత. ముక్కు దగ్గర నేను "కొంచెం వెనక్కి పోనివ్వండి" అంటే ఆయనకు వినపడదు, వినపడేలా అరిస్తే అది కోపంగా తోస్తుంది, ఆయన తిరిగి అరిస్తే అది నాకు తిట్టులా తగులుతుంది. పక్కన లంగరు వేసుకున్న పడవలవాళ్లు తలలు పైకెత్తి చూసేవారు. మూడో రాత్రి మేమిద్దరం అన్నం తినకుండా పడుకున్నాము. మరునాడు ఉదయం ఆయనే, "బలం కావలసింది లంగరు దగ్గర, చుక్కానికి బలం అక్కరలేదు, మనం స్థానాలు తారుమారు చేసుకుందాం, నోటితో కాకుండా చేతులతో చెప్పుకుందాం" అన్నారు. చాలా జంటల్లో భర్త చుక్కాని పట్టుకుని, బరువైన లంగరును భార్యకు వదిలేయడం ఆ దారి పొడవునా చూశాను, అది సరైన పద్ధతి కాదని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను. అప్పటి నుంచి చుక్కాని నాది. ఆయన చేయి చాపిన వైపు తిప్పాలి. అరచేయి వెనక్కి ఊపితే వెనక్కి పోవాలి. పిడికిలి పైకెత్తితే ఇంజనును న్యూట్రల్‌లో పెట్టి ఆపాలి.

ఎంత తాడు వదలాలో మాత్రం ఇద్దరం కలిసి లెక్క కట్టేవాళ్లం. జార్జియా తీరంలో ఒక సాయంత్రం వేసిన లెక్క నా నోటుపుస్తకంలో ఇంకా ఉంది. ఆటు పూర్తిగా తీసిన వేళ నీటి లోతు 8 అడుగులు, రాత్రి పోటుకు పెరిగేది 7 అడుగులు, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 4 అడుగులు, వెరసి 19. తాడు దానికి ఏడు రెట్లు ఉండాలి కనుక 133 అడుగులు. పోటును లెక్కలో వేయడం మరిచిపోతే సాయంత్రం సరిపోయిన తాడు అర్ధరాత్రికి చాలదు, లంగరు నేలను వదిలి జారుతుంది. పైన ఆయన చేతిరాతలో 19, కింద నా చేతిరాతలో 133 ఉన్నాయి. ఆయన కూడితే నేను గుణించడం ఎందుకో అలవాటైపోయింది.

పడవలో ఇల్లు ఎంత చిన్నదంటే, ముక్కు భాగంలో పడక త్రికోణంగా ఉంటుంది. తలల దగ్గర చోటుంటుంది, పాదాల దగ్గరకు వచ్చేసరికి నాలుగు పాదాలూ ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. రాత్రి లేచి లంగరు చూసి రావాలంటే లోపలివైపు పడుకున్నవారు బయటివైపు వారి మీదుగా దాటాలి. నవంబరు చలికి మా ఊపిరి ఆవిరే పైకప్పుకు పట్టి, తెల్లవారేసరికి చుక్కలు చుక్కలుగా దుప్పటి మీద పడేది. తాగునీటి తొట్టి 130 లీటర్లు. రోజుకు ఇద్దరికీ కలిపి 10 లీటర్లు మించకుండా వాడాలని పెట్టుకున్నాము. ఒకే కుక్కరులో కింద పప్పు, పైన అన్నం పెట్టి, మూడు కూతలు రాగానే పొయ్యి కట్టేసి, మిగిలిన ఆవిరికే మగ్గనిచ్చేదాన్ని. గ్యాసూ ఆదా, నీళ్లూ ఆదా. కందిపొడి, ఆవకాయ, చింతపండు, మజ్జిగ మిరపకాయలు ఐసు పెట్టె అవసరం లేకుండా మయామి దాకా వచ్చాయి. పడవలో ఎన్నాళ్లయినా నిలిచే వంట ఏదని ఎవరైనా అడిగితే, మన అమ్మమ్మలు వేసవిలో జాడీలకు ఎత్తినవన్నీ అదే వంట అని చెబుతాను.

రేడియో కూడా నాకే వచ్చింది. తెరిచే వంతెనల దగ్గర ముందుగా కాపలాదారును పిలిచి అడగాలి. వర్జీనియా, ఉత్తర కరోలినాలలో 13వ ఛానల్, అక్కడి నుంచి దక్షిణాన 9వ ఛానల్. తెరవని ఎత్తయిన వంతెనల కింద సాధారణంగా 65 అడుగుల ఖాళీ ఉంటుంది, మా తెరచాప కొయ్య 44 అడుగులే కనుక వాటితో చిక్కు లేదు. మొదట నా యాసను వాళ్లు అర్థం చేసుకుంటారో లేదోనని బెదిరాను. పదో వంతెన దాటేసరికి, ఎదురుగా ఇనుప కమ్మీలు విడిపోయి రెండు రెక్కలుగా ఆకాశంలోకి లేవడం నా మాట మీదే జరుగుతున్నదన్న భావన నాకు ఒక ధైర్యాన్నిచ్చింది.

దారిలో చెడ్డ రోజులు లేకపోలేదు. బయలుదేరే ముందు ఒక మరమ్మతు యార్డులో ఇంజను చల్లబరిచే నీటి పంపులో రబ్బరు చక్రం మార్చామని చెప్పి డబ్బు తీసుకున్నారు. న్యూస్ నది మధ్యలో వేడి హెచ్చరిక మోగినప్పుడు విప్పి చూస్తే, రెక్కలు విరిగిన పాత చక్రమే లోపల ఉంది. అదృష్టవశాత్తు ఆ నది అక్కడ మైళ్ల కొద్దీ వెడల్పు. ముందు చాప విప్పి, ఆయన కింద ఇంజను దగ్గర 40 నిమిషాలు పనిచేసేదాకా నేను ఒంటరిగా గాలితో నడిపాను. హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్నది అక్కరకు వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరు ఏ భాగం మార్చామన్నా, పాత భాగం చేతికిచ్చేదాకా మేము డబ్బు ఇవ్వలేదు.

ఇక జార్జియా సంగతి. అక్కడ పోటుకూ ఆటుకూ మధ్య ఏడు నుంచి తొమ్మిది అడుగుల తేడా ఉంటుంది. కనుచూపు మేర ఉప్పు గడ్డి, నవంబరులో కోతకు వచ్చిన వరి చేను రంగులో. డోబోయ్, ఆల్టమహా అనే రెండు ముఖద్వారాల మధ్య లిటిల్ మడ్ రివర్ అనే సన్నటి పాయ ఉంది. అది మేట వేసిన చోటని పటంలోనే హెచ్చరిక ఉంటుంది. నీరు పెరుగుతున్నప్పుడు అలాంటి పాయలోకి దిగితే, ఒకవేళ నేలకు తగిలినా పోటే లేపుతుంది. నీరు తీస్తున్నప్పుడు దిగితే దిక్కుండదు. ఆ ఉదయం మేము చేరేసరికి ఆటు మొదలై దాదాపు రెండు గంటలయింది. నాకు మనసొప్పలేదు. "ఒకసారి ఆలోచిస్తే బాగుంటుందేమోనండీ" అన్నాను. పాత అలవాటు. ఆ రోజు 45 మైళ్లు పోవాలని ఆయన అనుకున్నారు. "మధ్యలో పోదాం, ఏం కాదు" అన్నారు. 8.45కు మైనా మెత్తగా, శబ్దం లేకుండా ఆగిపోయింది. వెనక్కి తోసినా కదలలేదు.

ఆటు తీస్తున్న కొద్దీ పడవ ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. మొదట గ్లాసులో నీరు ఒక అంచుకు చేరింది. ఆ తరువాత అలమర తలుపు తెరుచుకుని, కందిపొడి సీసా జారి, పడక మీద పడి దొర్లింది. గంటన్నరకు గోడ నేల అయింది. నేను నీటి గొట్టాల కవాటాలు మూసి, కిటికీలు బిగించి, పొయ్యి సిలిండరు కట్టాను. ఆయన నీరు ఇంకా ఉండగానే రబ్బరు పడవలో చిన్న లంగరు వేసుకుని, తెడ్లు వేస్తూ లోతైన వైపు పోయి దాన్ని వదిలి వచ్చారు. సాయంత్రం పోటు వచ్చినప్పుడు ఆ తాడు లాగి బయటపడవచ్చునని. అంతే, ఇంక చేయగలిగింది లేదు. దాదాపు ఎనిమిదిన్నర గంటలు, ఒరిగిన పడవ అంచున కాళ్లు తన్నిపెట్టి, పక్కపక్కన కూర్చున్నాము. చుట్టూ బూడిద రంగు బురద తేలింది. తెల్ల కొంగలు మా చుక్కాని దగ్గరిదాకా నడిచివచ్చాయి. బురదలో ఆల్చిప్పలు చిటచిటమని చేసే శబ్దం తప్ప మరేమీ లేదు.

ఆయన నన్ను క్షమించమని అడగలేదు, నేను నిందించలేదు. మధ్యాహ్నం దాటాక ఆయన నా వైపు తిరగకుండానే అడిగారు: "నువ్వు వద్దనే అనుకున్నావు కదా, వద్దని ఎందుకు అనలేదు?" నేను అన్నాననే అనుకున్నాను. ఆలోచించమన్నానని గుర్తు చేశాను. "అది వద్దన్న మాట ఎలా అవుతుంది? ఆలోచించమన్నావు, ఆలోచించాను" అన్నారు ఆయన. ఆయన మాటలో న్యాయం ఉంది, నా వేదనలోనూ ఉంది. ఆ బురద మధ్య, వేరే ఎక్కడికీ లేచిపోలేని స్థితిలో, పాతికేళ్లలో నేను వద్దని అనలేక ఊరుకున్న సంగతులు ఒక్కొక్కటీ చెప్పాను. ఇల్లు మారినప్పటివి, అమ్మాయి బడి మార్చినప్పటివి, అన్నీ. ఆయన విన్నారు. కొన్నిటికి, "నాకు తెలియనే తెలియదు" అన్నారు. 5.15కు పడవ నిట్టూర్చినట్లు కదిలి, నిలువుగా లేచింది. తాడు లాగి లోతులోకి వచ్చి, చీకటిపడేలోగా లంగరు వేసుకున్నాము. ఆ రాత్రి కుక్కరు దగ్గర నిలబడి ఆయనే నియమం పెట్టారు: ఇద్దరిలో ఎవరికి జంకు కలిగినా, ఆ ఒక్కరి మాటే చెల్లాలి, కారణం చెప్పనవసరం లేదు, అయితే వద్దు అన్న మాట వద్దు అనే అనాలి.

ఈ నియమం నాకు అనుకూలమని ఎవరైనా అనుకోవచ్చు. మూడు వారాలలోపే అది నాకే అడ్డు వచ్చింది. జార్జియా, ఫ్లోరిడా సరిహద్దున సెయింట్ మేరీస్ ముఖద్వారం నుంచి బయట సముద్రంలోకి పోయి, రాత్రంతా నడిచి, తెల్లవారాక సెయింట్ అగస్టీన్‌లో ప్రవేశించాలని నాకు ఎంతో కోరిక. ఉత్తర గాలి అనుకూలంగా ఉంది. ఇంజను ఆపి, చుక్కల కింద, రెండు చాపలతో పోవచ్చు. నేను లెక్కలన్నీ వేసి సిద్ధమయ్యాక ఆయన పిడికిలి పైకెత్తి, "వద్దు" అన్నారు. సెయింట్ అగస్టీన్ ముఖద్వారం దగ్గర ఇసుక మేటలు కదులుతూ ఉంటాయి, ఆ సంగతి ఆయన మనసులో ఉందేమో, నేను అడగలేదు. లోపలి దారిన రెండు రోజులు ఇంజను మోతలో పోయాము. ఆ రాత్రి సముద్రం ఎంతో ప్రశాంతంగా ఉన్నదని, బయటి దారిన పోయిన మరో జంట సెయింట్ అగస్టీన్‌లో మాకు సంతోషంగా చెప్పారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆయనను ఒక్క మాట అనలేదు. జంకినవారే సరిగ్గా ఊహించారా అన్నది మా నియమంలో లేదు, ఒకసారి ఎత్తిపొడిచామంటే మరోసారి ఎవరూ నోరు తెరిచి వద్దనలేరు.

మైనాను ఫ్లోరిడాలోనే ఒక యువ జంటకు అమ్మి, 2015 వేసవికి హైదరాబాద్ తిరిగి వచ్చాము. నాలుగేళ్ల కిందట దగ్గరి బంధువు ఒకరు ఊరి బయట స్థలం మీద డబ్బు పెట్టమన్నప్పుడు, కాగితాలు బాగానే ఉన్నా నాకు ఎందుకో మనసు ఒప్పలేదు. అన్నం వడ్డిస్తూ "వద్దండీ" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని ఫోను చేసి, రావడం లేదని వాళ్లకు చెప్పేశారు. ఎందుకని నన్ను అడగలేదు.

మొన్న ఆదివారం మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లాము. ఆయనకు ఇప్పుడు అరవై దాటాయి, మోకాళ్లు మునుపటిలా వంగడం లేదు. నేను చాప ఎత్తి, చుక్కాని బిగించి, పడవ ఎక్కడానికి సిద్ధంగా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాను. బుద్ధ విగ్రహం అవతల మేఘం కమ్ముతున్నది, నీటి మీద నల్లటి మరక వెడల్పుగా కదిలి వస్తున్నది. ఆ గాలికి నేను వెళ్లగలను, వెళ్లాలనే ఉంది. ఒడ్డున మెట్ల మీద ఆయన లేచి నిలబడి, పిడికిలి పైకెత్తారు. నేను తాడు వదిలి చాప దించాను.